గాల్ట్యూరు: ఒక మంచుతుపాను వారము

మన తెలుగులో మంచు అను మాట ఒక్కటియే ఎన్నో పనులు చేయుచున్నది. వేకువను గడ్డిపరకపై నిలిచిన బిందువు మంచు. మాఘమాసపు ఉదయమున ఎదుటి మనిషిని కనబడనీయని తెర మంచు. హిమాలయ శిఖరములపై పేరుకొన్న తెల్లని రాశియు మంచే, పానీయములో వేసికొను గడ్డయు మంచే. సంస్కృతమునుండి హిమము, తుషారము, నీహారము, తుహినము, ప్రాలేయము అను పదములను మన కవులు తెచ్చుకొనిరి గాని, చాలవరకు వానిని ఒకదానికి బదులొకటిగా, ఛందస్సునకు అనుకూలించిన రీతిని వాడుకొనిరి. ఇది లోపము కాదు. మంచు కురియని నేలపై పెరిగిన భాషకు ఆ భేదములతో పని కలుగలేదు.

మంచుకొండలలో బ్రదుకువారి సంగతి అట్లు కాదు. ఏటికేడు కరగక గట్టిపడిన పాతమంచునకు జర్మను భాషలో ఫిర్న్ అని పేరు. వాలునుండి తెగి జారిపడు మంచురాశికి లవీనె అని పేరు. ఈ రెండవదానికి మన పత్రికలలో స్థిరమైన మాట ఇంకను కుదురలేదు. హిమపాతమని వ్రాయుదురు. ఆకాశమునుండి కురియు మంచునకును అదే మాట. కాని ఈ రెండును ఒకటి కావు. ఒకటి వర్షము వంటిది, రెండవది కొండచరియ విరిగిపడుట వంటిది. ఈ వ్యాసమున మొదటిదానిని హిమపాతమనియు, రెండవదానిని మంచుచరియ యనియు చెప్పుదును. ఒక పర్వతగ్రామమున ఒక చలికాలపు వారమున మొదటిది రెండవదిగా ఎట్లు మారెనో, ఆ మార్పు మనుష్యుల లెక్కలను ఎట్లు తారుమారు చేసెనో చెప్పుటయే నా ఉద్దేశము.

ఆస్ట్రియా దేశపు పడమటి భాగమున టిరోలు రాష్ట్రము కలదు. అందు పాత్స్‌నౌన్ అనునది ఒక ఇరుకైన లోయ. ట్రిసానా అను ఏరు దాని అడుగున పారుచుండును. లోయ ఎగువ కొసన, సముద్రమట్టమునకు 1,584 మీటర్ల ఎత్తున, గాల్ట్యూరు అను గ్రామమున్నది. దక్షిణమున సిల్‌వ్రెట్టా పర్వతశ్రేణి. అందలి పిజ్ బుయిన్ శిఖరము 3,312 మీటర్ల ఎత్తుగలది. గ్రామస్థుల సంఖ్య వేయికి లోపు. వేసవిలో ఆ ఊరికి రెండు త్రోవలు. ఒకటి లోయ వెంబడి దిగువనున్న లాండెక్ పట్టణము దెసకు పోవును. రెండవది కనుమ దాటి పొరుగు రాష్ట్రమైన ఫోరార్ల్‌బెర్గునకు పోవును. చలికాలమున కనుమత్రోవ మూతపడును. అప్పుడు లోయ వెంబడి పోవు బాట ఒక్కటియే గతి. దానికి ఇరువైపుల నిటారు వాలులుండుటచే మంచు అధికమైనపుడు అదియును మూయవలసివచ్చును.

పూర్వకాలమున ఆ గ్రామస్థులు దీనిని ఆపదగా తలపలేదు, అది వారి ఋతుధర్మము. పశువులకు గడ్డి, మనుష్యులకు ధాన్యము, పొయ్యికి కట్టెలు శరత్కాలముననే ఇల్లు చేరవలెను. తరువాత నెలల తరబడి కొండ తలుపు మూసికొనును. అమెరికా రచయిత హెమింగ్వే 1920వ దశాబ్దమున ఈ కొండలకు ఆవలనున్న ష్రూన్స్‌లో చలికాలములు గడపెను. 1927లో వెలువడిన ఆయన కథ యొకటి, ‘యాన్ ఆల్పైన్ ఇడిల్’ అనునది, గాల్ట్యూరులో జరిగినట్లు చెప్పబడినది. అందొక రైతుభార్య డిసెంబరులో మరణించును. మంచువలన దేహమును చర్చికి తెచ్చుటకు త్రోవలేదు. మే నెల వచ్చి మంచు కరగువరకు ఆమెకు ఖననము జరుగదు. కథ కల్పితమే కావచ్చును. అయినను చలికాలమనగా ఆ లోయలో ఏమో తెలిసికొనుటకు అది చాలును.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ జీవనము మారెను. పశువుల పెంపకముపై ఆధారపడిన గ్రామము స్కీ క్రీడకు వచ్చు అతిథులపై ఆధారపడసాగెను. పశువుల కొట్టములున్న చోట వసతిగృహములు లేచెను. ఏ కాలమున ఇంటినుండి కదలరాదని పెద్దలు చెప్పిరో, ఆ కాలముననే లోయ జనముతో నిండసాగెను. ఈ మార్పును మనస్సులో ఉంచుకొనిననే గాని 1999 ఫిబ్రవరిలో జరిగినది మనకు పూర్తిగా బోధపడదు.

ఆ సంవత్సరము జనవరి చివరినుండి ఆల్ప్స్ ఉత్తరభాగమునకు వాయవ్య దిశనుండి తుపానులు వచ్చెను. అట్లాంటిక్ సముద్రముపై తేమను నింపుకొన్న శీతలవాయువు పర్వతములకు తగిలి, పైకెగసి, చల్లారి, ఆ తేమనంతయు మంచుగా విడిచెను. జనవరి చివర ఒకసారి, ఫిబ్రవరి మొదట మరియొకసారి, ఫిబ్రవరి 17 మొదలు 25 వరకు మూడవసారి. ఈ మూడు విడతలలో స్విట్జర్లాండు ఉత్తర ఆల్ప్స్‌లో కొన్నిచోట్ల కురిసిన మంచు మొత్తము 5 మీటర్లకు మించెను. మూడంతస్తుల మేడకు రెండంతస్తులు మునుగునంత యన్నమాట.

రెండవ విడతలోనే ఫ్రాన్సుదేశపు చమోనీకి చెందిన మోన్రాక్ పల్లెపై ఫిబ్రవరి 9న మంచుచరియ పడి 12 మంది మరణించిరి. మూడవ విడతలో ఫిబ్రవరి 21న స్విట్జర్లాండులోని ఎవొలెన్‌లో మరి 12 మంది మరణించిరి. పాత్స్‌నౌన్ లోయలో బాట మూయబడెను. అతిథులు వెలుపలికి పోలేరు, సరకులు లోపలికి రాలేవు. చలికాలపు సెలవుల వారమగుటచే గ్రామస్థులకు అనేక రెట్లుగా అతిథులు గాల్ట్యూరులో చిక్కుపడిరి.

అప్పుడు కొండపై జరుగుచున్నదేమి? విద్యార్థులు దీనిని కొంత ఓపికతో గ్రహింపవలెను. అప్పుడే కురిసిన మంచు మిక్కిలి తేలికైనది. ఘనమీటరునకు నూరు కిలోగ్రాములైనను తరచుగా ఉండదు. కాని కొండవాలుపై మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కొక్క తుపాను ఒక్కొక్క పొరను పరచిపోవును. రెండు తుపానుల నడుమ ఎండ తగిలిన పైపొర కరగి మరల గడ్డకట్టి నునుపెక్కును. చలి ముదిరినచో పొరలోని రేణువులు ఒకదానినొకటి పట్టుకొనక ఇసుకవలె విడివడును. అట్టి బలహీనమైన పొరపై క్రొత్త బరువు పడినపుడు పైనున్నది పలకవలె తెగి జారును. 30 డిగ్రీలకు మించిన వాలు దీనికి అనుకూలము. మరీ నిటారైన చోట మంచు నిలువక ఎప్పటికప్పుడే రాలిపోవును.

దీనికి గాలి తోడగును. మంచుచరియను కట్టు మేస్త్రి గాలియే యని ఆల్ప్స్‌లో ఒక నానుడి కలదు. శిఖరమునకు ఒకవైపునున్న మంచును గాలి ఊడ్చి రెండవవైపున పోయును. కాబట్టి ఊరిలో కొలచిన లోతు కొండపై లోతునకు సాక్ష్యము కాదు. ఊరిలో ఒక మీటరు కురిసినపుడు గాలిమాటున నున్న వాలుపై దానికి అనేక రెట్లు చేరియుండవచ్చును. తుపాను తగ్గని వారమున పైకి పోయి చూచుటకు వీలులేదు. ప్రేలుడు పదార్థములతో కొంచెము కొంచెముగా మంచును ముందే దింపు పద్ధతి యొకటి ఉన్నది గాని, అట్టి వాతావరణమున హెలికాప్టరు ఎగురలేదు.

ఫిబ్రవరి 23, మంగళవారము. సాయంకాలము 4 గంటల వేళ గ్రామమునకు ఉత్తరపు వైపునున్న గ్రీస్‌కోగెల్ వాలులనుండి మంచు తెగెను. క్రిందికి వచ్చుకొలది త్రోవలోని పాతమంచును కూడ తనలో కలుపుకొని పెరిగెను. ఇట్టి పొడిమంచు చరియలో రెండు భాగములుండును. అడుగున బరువుగా ప్రవహించు మంచు ఒకటి, దానిపై మంచుపొడియు గాలియు కలసిన మేఘము రెండవది. ఆ మేఘము గంటకు 300 కిలోమీటర్ల వరకు వేగమందుకొనగలదు. వాలు ముగిసి సమతలము మొదలైనచోట అది ఆగునని అందరు నమ్మిరి. అది ఆగలేదు. సమతలమును దాటి ఊరిలోని ఇండ్లమధ్యకు వచ్చెను. గాల్ట్యూరులో 31 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది అతిథులు. మరునాడు అదే లోయలో దిగువనున్న వాల్ట్‌సూరు పల్లెపై మరియొక చరియ పడి 7 గురు మరణించిరి.

ఈ విషాదమున నా మనస్సును అన్నిటికంటె కలచిన విషయము వేరొకటి కలదు. మరణించినవారిలో పెక్కురు దుస్సాహసమునకు పోయినవారు కారు. హెచ్చరికను త్రోసిపుచ్చి కొండపైకి ఎక్కినవారు కారు. బాట ప్రమాదకరమని చెప్పగా విని ఊరిలో నిలిచినవారు. భద్రమని పటములో గుర్తింపబడిన చోట, ఇంటిలోనో ఇంటిముందరనో ఉన్నవారు.

ఆ రాత్రి బయటినుండి సహాయము రాలేదు. చీకటి, తుపాను, మూతపడిన బాట. గ్రామస్థులును అతిథులును కలసి పారలతోను, పొడవైన గుచ్చుకర్రలతోను, చేతులతోను మంచును త్రవ్విరి. మంచులో కప్పబడిన మనిషికి కాలమే ప్రాణము. మొదటి పది నిమిషములలో వెలికితీసిన పదిమందిలో తొమ్మండుగురు బ్రదుకుదురు. అరగంట దాటినచో ముగ్గురు బ్రదుకుట అరుదు. ఊపిరాడకపోవుటయే మరణమునకు ముఖ్యకారణము. కావున దూరమునుండి వచ్చు సహాయము, అది ఎంత గొప్పదైనను, ఈ పనికి అందదు. ప్రక్కనున్నవాడే రక్షకుడు. ఆ రాత్రి మంచునుండి సజీవులుగా వెలువడినవారు తమ ప్రాణములకు పొరుగువారికే ఋణపడిరి.

మరునాడు ఆకాశము కొంత తెరపి యిచ్చెను. ఆస్ట్రియా హెలికాప్టర్లకు తోడుగా జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు, అమెరికా దేశములవి వచ్చెను. తరువాతి దినములలో లోయనుండి సుమారు 12,500 మందిని ఆకాశమార్గమున వెలుపలికి చేర్చిరి. దేశాంతరముల సైనికులు యుద్ధము లేని చోట ఒక లోయను ఖాళీచేయించిన ఘట్టమది.

ఇక అసలు ప్రశ్న. భద్రమన్న చోటికి మంచు ఎట్లు వచ్చెను?

ఆస్ట్రియా ఈ విషయమున అజ్ఞాన దేశము కాదు. కొండవాగులను, మంచుచరియలను అదుపుచేయుటకు అచ్చట 1884లోనే ఒక ప్రభుత్వశాఖ ఏర్పడెను. 1975 నాటి అటవీ చట్టము ప్రకారము ఊరూరికి ప్రమాదపటములు గీయబడెను. ఎఱ్ఱని మండలమున క్రొత్త ఇల్లు కట్టరాదు. పసుపు మండలమున బలమైన గోడలు మున్నగు నియమములతో కట్టవచ్చును. మిగిలినది భద్రము. ఈ గీతలు గీయుటకు ఆధారము, 150 సంవత్సరములకు ఒకసారి రాదగిన చరియ ఎంత దూరము వచ్చునను అంచనా. ఆ అంచనాకు పునాది పూర్వానుభవము, అనగా పాత దస్తావేజులు, పెద్దల జ్ఞాపకములు, పడిపోయిన చెట్ల గుర్తులు.

150 సంవత్సరములకు ఒకసారి యను మాటను మనము తరచుగా తప్పుగా అర్థము చేసికొందుము. ఒకసారి వచ్చినచో మరల 150 ఏండ్లు నిశ్చింతగా ఉండవచ్చునని దాని భావము కాదు. ఏ యేడైనను అది వచ్చు అవకాశము నూట యేబదింట ఒకటి యని మాత్రమే. గణితోపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించి చూడవచ్చును. 75 ఏండ్లు జీవించు మనిషి తన జీవితకాలమున దానిని ఒక్కసారియైనను చూచు అవకాశము నూటికి సుమారు 40. ఇది అరుదైనది కాదు. అయినను 60 ఏండ్లు చూడనివాడు అది లేదని నమ్మును. అతని తండ్రియు చూడనిచో ఆ నమ్మకము సంప్రదాయమగును.

జ్ఞాపకము విలువలేనిదని నేను చెప్పుట లేదు. ఆల్ప్స్ ప్రజలు వందల ఏండ్లు దానివలననే బ్రదికిరి. స్విట్జర్లాండులోని ఆండెర్‌మాట్ గ్రామమునకు పైన వాలుపై చిన్న అడవి యొకటి కలదు. దానిలో చెట్టు నరకరాదని ఆ ఊరివారు 1397లోనే శాసనపత్రము వ్రాసికొనిరి. చెట్లు మంచును పట్టి నిలుపునని వారికి శాస్త్రము చెప్పలేదు, అడవిలేని వాలుల అనుభవము చెప్పెను. టిరోలులోనే లేన్ అను గ్రామము కలదు. మంచుచరియకు ప్రాంతీయ భాషలోనున్న మాటయే దాని పేరు. ఊరిపేరులోనే హెచ్చరికను దాచి మనుమలకు అందించినవారు ఎంత దూరము చూచిరో తలచుకొనుడు.

అయినను జ్ఞాపకమునకు ఒక హద్దు కలదు. అది జరిగినదానిని చెప్పును, జరుగగలదానిని చెప్పలేదు. 1951 జనవరిలో ఆల్ప్స్‌పై ఇట్టి తుపానులే వచ్చి ఒక్క స్విట్జర్లాండులోనే ఆ చలికాలమున 98 మంది మరణించిరి. ఆ తరువాత ఆ దేశమువారు వాలులపై ఇనుప కంచెలు నిలిపిరి, అడవులు పెంచిరి. దావోస్‌కు పైన 1936లో చిన్న మంచుగుడిసెలో మొదలైన పరిశోధనను పెద్దసంస్థగా పెంచి, దినదినము హెచ్చరికలు ప్రకటించిరి. 1999లో చరియలు ఇంచుమించు అన్నే పడినను, ఇండ్లలోను బాటలపైను మరణించినవారు 17 మంది. జనము, వాహనములు, వసతిగృహములు ఎన్నో రెట్లు పెరిగిన తరువాత ఈ సంఖ్య ఇట్లు తగ్గినది. శాస్త్రమునకు ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము వేరొకటి అక్కరలేదు. కాని ఆ శాస్త్రమునకే గాల్ట్యూరు మరియొక పాఠము చెప్పెను.

గాల్ట్యూరు విషయమున న్యాయవిచారణ జరిగెను. అది ముందుగా ఊహింపదగిన సంఘటన కాదని, ఎవరియందును నేరము లేదని తేల్చిరి. చమోనీ విషయమున అట్లు కాలేదు. ఇండ్లను ఖాళీచేయింపలేదను కారణమున ఆ ఊరి మేయరును 2003లో న్యాయస్థానము దోషిగా నిర్ణయించి, అమలు నిలిపిన మూడునెలల కారాగారశిక్ష విధించెను. ఒకే నెలలో, ఒకే పర్వతములలో జరిగిన రెండు దుర్ఘటనలకు రెండు తీర్పులు. ఏది న్యాయమని వాదించుట సులభము కాదు. ఒక్కటి మాత్రము స్పష్టము. కొండ ఏమి చేయగలదో తెలిసినకొలది మనుష్యుని బాధ్యత పెరుగుచున్నది. తెలియదనుట ఒక తరమునకు సమాధానము కావచ్చును, తరువాతి తరమునకు కానేరదు.

తీర్పుతో గాల్ట్యూరు ఊరకుండలేదు. ప్రమాదపటములను మరల గీసిరి. అంతకుముందు ఆస్ట్రియాలో గోడపై చదరపు మీటరునకు సుమారు రెండున్నర టన్నుల ఒత్తిడి పడు చోటులనే ఎఱ్ఱని మండలముగా లెక్కించెడివారు. ఆ హద్దును ఒక టన్నునకు తగ్గించిరి. అనగా పూర్వము ఇల్లు కట్టదగినదన్న నేలలో కొంత ఇక కట్టరానిదాయెను. సొంత నేలపై తాము ఇల్లు కట్టుకొనరాదని ఒప్పుకొనుట ఏ ఊరివారికైనను సులభము కాదు. వాలుల పైభాగమున ఉక్కు అడ్డుకట్టలు నిలిపిరి. ఊరిమొగమున సుమారు 345 మీటర్ల పొడవున రక్షణకుడ్యమును నిర్మించిరి. ఆ కుడ్యమును ఆనుకొని, దాని గర్భముననే, ఒక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. దాని పేరు ఆల్పినారియం. ఆ లోయ చరిత్ర, మంచు స్వభావము, 1999 నాటి వారము అందు చూపబడుచున్నవి. ఊరిని కాపాడు గోడయు, ఊరిజ్ఞాపకమును కాపాడు గోడయు ఒక్కటియే యగుట నాకు సముచితముగా తోచినది. ఉక్కు త్రుప్పు పట్టును, కాంక్రీటు బీటలు వారును. వానిని ఎందుకు నిలిపిరో తెలిసినవారున్నంతవరకే వానికి మరమ్మతు జరుగును.

ఇదంతయు మనకెందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. మంచు మనకు మరీ దూరమైనది కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచెన్‌లోని సైనికస్థావరముపై మంచుచరియ పడి 10 మంది సైనికులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఒకరు నాటి కర్నూలు జిల్లావారు. ఎన్నడును మంచు కురియని పల్లెలో ఒక ఇల్లు మంచువలన చీకటి యాయెను. ఇక సముద్రతీరమునకు వచ్చినచో, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తెలుగువారు మరువలేరు. అలలు ఇంత లోపలికి రావన్న నమ్మకమును ఆ రాత్రి నీరు తుడిచివేసెను. వేలమంది మరణించిన తరువాత తీరమున తుపాను రక్షణ భవనములు లేచెను. గాల్ట్యూరు గోడకును, మన తీరములోని ఆ భవనములకును బంధుత్వము కలదు. రెండును మనిషి గీసికొన్న గీతను ప్రకృతి దాటిన పిదప కట్టినవి.

అందుచే ఉపాధ్యాయులకు ఒక మనవి. భూగోళపాఠమున తుపానులను గూర్చి చెప్పునపుడు వేగములు, దిక్కులు, కారణములు చెప్పుటతో తృప్తిపడక, విద్యార్థులను తమ ఊరిపెద్దల యొద్దకు పంపుడు. చెరువుకట్ట ఎప్పుడు తెగినది? వాగు ఎంతవరకు వచ్చినది? ఏ గుడిమెట్టు మునిగినది? ఏయే స్థలములలో ఇల్లు కట్టరాదని తాతలు చెప్పెడివారు? ఇవి సంవత్సరముతో సహా పుస్తకమున వ్రాయించి బడిలో భద్రపరుపుడు. ఆండెర్‌మాట్ వారి శాసనపత్రమువలె అదియు ఒకనాటికి ఉపయోగపడును. దానితోపాటు ఆ పుస్తకపు చివర ఒక వాక్యమును కూడ వ్రాయించుడు: ఇంతవరకు వచ్చినదని మనకు తెలిసినది ఇంతే, ఇంతకు మించి రాదని దీని అర్థము కాదు.